పాత కారు అసలు రంగు

పాత కారు అమ్మకానికి పెట్టాలనుకోగానే మన ఇళ్లలో చేసే మొదటి పని దానికి రంగు వేయించడం. టింకరింగ్ షెడ్డుకి పంపి, సొట్టలు తీయించి, తెల్లగానో ఎర్రగానో తళతళలాడించి తెచ్చి వాకిట్లో నిలబెడతారు. నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయని ఆశ. పదేళ్ల కారుకైతే అది నిజమే కావచ్చు. యాభై ఏళ్ల కారుకి మాత్రం ఆ తళతళే శత్రువు అంటాను నేను.

“కార్ల గొడవ మనకెందుకు, మగవాళ్లు చూసుకుంటారు” అని పేజీ తిప్పేయకండి. కారు మగవాళ్ల పేరు మీదే ఉండొచ్చు. దాని కాగితాలు ఎక్కడుంటాయి? మన బీరువాలో, పట్టుచీరల కింద, ఇంటిపన్ను రసీదుల పక్కన. ఇంటాయన దాటిపోయాక ఆ కారుని ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చిపడేదీ మన నెత్తినే. సరిగ్గా అప్పుడే ఓ బ్రోకరు వస్తాడు. చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తి, పెదవి విరిచి, “ఇంజను ఒరిజినల్ కాదమ్మా, రంగూ ఒరిజినల్ కాదు, తుక్కు కింద లెక్కే” అంటాడు. అది నిజమో అబద్ధమో తేల్చుకునే చదువు మనకెవరూ చెప్పలేదు. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1974 నుంచి ప్రీమియర్ పద్మినిగా తిరిగిన బండికి ఆడపేరు పెట్టారే గానీ, దాని బానెట్ కింద ఏముందో ఆడవాళ్లకి చూపించినవాళ్లెందరు?

నిజానికి అది బ్రహ్మవిద్యేం కాదు. మనం గిన్నెల మీద పేర్లు కొట్టించుకుంటాం కదా, దాంతో పోల్చి చూడండి. కుక్కరు అడుగున కంపెనీ గుర్తు ఉంటుంది. ఆ రకం కుక్కర్లన్నిటికీ అదే. దాని మీద మనం కొట్టించిన పేరు మాత్రం మన ఒక్క ఇంటిదే. ఇంజనుకీ అంతే. పోత పోసినప్పుడే ఉబ్బెత్తుగా వచ్చే అంకెలు ఆ రకం ఇంజన్లన్నిటి మీదా ఉంటాయి. సుత్తి దెబ్బతో లోపలికి దిగేలా కొట్టిన నంబరు, లేదా చిన్న రేకు మీద కొట్టి ఇంజనుకి బిగించిన నంబరు ఆ ఒక్క ఇంజనుదే. ఆర్సీలో రాసేది ఈ రెండోదాన్ని. చాలామంది మొదటిది చూసి, ఆర్సీతో కలవలేదని బెంబేలెత్తిపోతారు.

పెళ్లిలో ఎవరో చదివించిన గిన్నె మీద పాత పేరు అరగదీసి కొత్త పేరు కొట్టించి ఉంటే మనం పట్టుకోమూ? వేలితో తడిమితేనే తెలిసిపోతుంది, అక్కడ కాస్త పల్లంగా ఉంటుంది. ఇంజను నంబరు మార్చినా అలాంటి గుర్తులే మిగులుతాయి. నంబరు చుట్టూ గ్రైండింగ్ గీతలు కనిపించినా, అంకెలు వంకరటింకరగా ఉన్నా అనుమానించాలి. కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలోనే ఆ చోటు నున్నగా చేసి నంబరు కొడతాయి కాబట్టి, నున్నదనం ఒక్కటే చూసి తీర్పు చెప్పెయ్యకూడదు. ఆర్సీ, పాత ఇన్సూరెన్స్ కాగితాలు, కొన్నప్పటి రసీదు అన్నీ ఒక్క నంబరే చెబుతున్నాయా అన్నది అసలు పరీక్ష.

ఒక్క నంబరుకి ఇంత పట్టింపు ఎందుకంటారా? అమెరికాలో 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టి సంగతే చూడండి. చాలాకాలం దాని చాసిస్ మీద నంబరే లేదు. ఇంజను మీదున్న నంబరే కారు నంబరు. ఇంజను మారిస్తే కారు పేరే మారిపోయినట్టు. ఆ కారుకి నలుపు తప్ప వేరే రంగే లేదని అందరూ చెప్పుకుంటారు. అది 1914 నుంచి 1925 వరకే నిజం. అంతకుముందూ, ఆ తర్వాతా వేరే రంగులొచ్చాయి. అది తెలియక 1910 నాటి కారుకి భక్తిగా నల్లరంగు పూస్తే, అసలుకి దగ్గరైనట్టా దూరమైనట్టా?

రంగు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మన ఊళ్లలో కారు రంగుని డ్యూకో అంటారు. అది నిజానికి 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన ఓ లాకర్ పేరు. అంతకుముందు కారు రంగు ఆరడానికి రోజులూ వారాలూ పట్టేది. ఇది గంటల్లో ఆరిపోయి రంగురంగుల కార్లకి దారి తీసింది. కారు మీద ఎన్నిసార్లు రంగు వేయించినా, మొదటి రంగు ఎక్కడో అక్కడ దాక్కునే ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ కింద, తలుపు లోపలి అట్ట వెనక, డ్యాష్‌బోర్డు కింద, రబ్బరు బీడింగు లోపల. పట్టుచీర మడత విప్పితే ఎండ తగలని చోట అసలు రంగు కనిపిస్తుంది చూడండి, అలాగ. అక్కడా తేలకపోతే, కనపడని మూల రూపాయి బిళ్లంత మేర సన్నటి వాటర్ పేపర్‌తో తడి చేసి మెల్లగా రాస్తే, ఉల్లిపాయ పొరల్లా ఒక్కో రంగూ బయటపడుతుంది. అట్టడుగున ఉన్నదే అసలు రంగనుకుని మోసపోకండి. అది ప్రైమర్ కావచ్చు. దాని మీది పొరే కారు పుట్టినప్పుటి రంగు. ఒక చిన్న అయస్కాంతం తీసుకుని రేకు మీద నడిపించండి. అది అంటుకోని చోట కింద మందంగా పుట్టీ పెట్టారన్నమాట.

పెళ్లినాటి ఫోటోల్లో కారుంటే సాక్ష్యానికి పనికొస్తుంది కానీ జాగ్రత్త. పాత కలర్ ఫోటోలు ఏళ్లు గడిచేకొద్దీ ఎర్రబడిపోతాయి. ఆ ఎరుపు కారుది కాదు, కాగితానిది.

రంగు పైపై మెరుగు మాత్రమే అనుకునేవాళ్లు హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్‌కి వెళ్లి చూడాలి. నిజాం కోసం 1912లో తయారైన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడుంది. లండన్‌లోని బార్కర్ కంపెనీ దాని బాడీ కట్టింది. దాని రంగు పసుపు. ఆసఫ్ జాహీల జెండా రంగూ పసుపే. ఎవరో ఒకరు పెళ్లి ఊరేగింపులకి బావుంటుందని దానికి తెల్లరంగు కొట్టేసి ఉంటే, అది ఎవరి కారో చెప్పే ఆనవాలే పోయేది.

మన ఇళ్లలో ఉన్నవి నిజాం కార్లు కావుగా అంటారు. కావు. కానీ 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటిన సొంత కార్లకీ, స్కూటర్లకీ అవి వర్తిస్తాయి. వాటికి ‘విఎ’ అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. రోజువారీ తిప్పుకోవడానికీ, వ్యాపారానికీ కాదు. ర్యాలీలకీ, ప్రదర్శనలకీ మాత్రమే. షరతు ఒక్కటే: చాసిస్‌గానీ, బాడీగానీ, ఇంజనుగానీ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అంటే 1975కి ముందు రిజిస్టరై షెడ్డులో దుమ్ము కొట్టుకుంటున్న కారు తుక్కు కావచ్చు, చట్టం గుర్తించిన వింటేజ్ బండీ కావచ్చు. తేడా తేల్చేది ఆ నంబరూ, ఆ రేకులే.

మా బంధువులావిడ ఒకరికి భర్త పోయిన ఏడాదికి ఇలాంటి బేరమే వచ్చింది. 1970 మోడల్ ఫియట్. వచ్చినతను ఇనప సామాను ధర చెప్పాడు. ఆవిడ తొందరపడలేదు. ఆర్సీ పుస్తకం తీసి, టార్చిలైటు పట్టుకుని, ఇంజను నంబరు ఒక్కో అంకె తనే చదువుకుంది. కలిసింది. స్టెప్నీ తీయించి చూస్తే పుస్తకంలో రాసిన లేత నీలమే కనపడింది, పైన మెరూన్ ఉన్నా సరే. అతని గొంతు మారిపోయింది. ఆవిడ ఇంకా ఆ కారు అమ్మలేదు. “అమ్మితే తెలిసి అమ్ముతా, ఉంచుకుంటే తెలిసి ఉంచుకుంటా” అంటుంది. నాకు ఆ మాట చాలా నచ్చింది.

అలాగని ఇంజను మారిన కార్లని చిన్నచూపు చూడాలనడం లేదు. పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్లకి మెటాడోర్ డీజిల్ ఇంజను వేయించుకున్న సంసారాలు మన దగ్గర ఎన్ని లేవు? ఆ బండ్లే పిల్లల్ని చదివించాయి, పురుళ్లకి ఆసుపత్రులకి చేర్చాయి. అందులో సిగ్గుపడాల్సిందేం లేదు, ఆ మార్పు ఆర్సీలో రాయించి ఉంటే చాలు. మారినదాన్ని మారలేదని, కొత్త నంబరు కొట్టి అమ్మడమే తప్పు. అది నేరం కూడా.

ఇంగ్లండులో బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్ల దగ్గర మోరిస్, ఆస్టిన్ లాంటి కార్ల ఫ్యాక్టరీ రికార్డులున్నాయి. రుసుము కడితే ఫలానా కారు ఎప్పుడు తయారైంది, ఇంజను నంబరెంత, మొదటి రంగేమిటి అని సర్టిఫికెట్ ఇస్తారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టి 2014లో ఆగిపోయిన మన అంబాసిడర్ల విషయంలో ఆ పని ఎక్కువగా మన బీరువాలే చెయ్యాలి. కాబట్టి దసరాకి సామాన్లు సర్దేటప్పుడు పాత కారు కాగితాలు చిత్తుకాగితాల్లో కలిపెయ్యకండి. మీ ఇంట్లోనో పుట్టింట్లోనో అలాంటి కారుంటే, ఈ ఆదివారం బానెట్ ఎత్తించి నంబరు మీరే చదవండి. ఆర్సీతో పోల్చి ఓ కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ తర్వాతే పెయింటరుతోనైనా, బ్రోకరుతోనైనా మాట్లాడండి.