పాలివ్వడం ఒక్కటే మనవల్ల కాదు

మన దగ్గర పురుడంటే ఆడవాళ్ల వ్యవహారం. నెలలు నిండకముందే భార్యను పుట్టింటికి పంపేస్తాం. పాప పుట్టిందని ఫోన్ రాగానే స్వీట్ బాక్సులు పట్టుకుని పరిగెడతాం. ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్ పెడతాం. బారసాలకి వస్తామని చెప్పి సోమవారం పొద్దున్నకల్లా హైదరాబాద్‌లో లాగిన్ అయిపోతాం. కొన్ని ఇళ్లలోనైతే పదకొండో రోజు పురుటి స్నానం అయ్యేదాకా మగవాళ్లు ఆ గది గుమ్మం కూడా తొక్కరు. అక్కడ నాన్నకి పనేముందిలే అనుకుంటారు. ఉంది. చాలా ఉంది. అదేంటో చెప్పడానికే ఈ వారం కాలమ్.

మా పాప పుట్టింది తణుకులో, మా అత్తగారి ఊళ్లో. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవుంది. నాలాంటి ప్రైవేటు ఉద్యోగులకు ఆ చట్టం లేదు. అందుకే మిగిలిన సెలవులన్నీ ఊడ్చి మూడు వారాలు అక్కడే ఉండిపోయా. పాప గుడ్డ మార్చబోతే మా అత్తయ్య కంగారుపడిపోయారు. "అయ్యో, మీకెందుకండీ ఈ పనులు, ఇలా ఇవ్వండి" అని లాక్కోబోయారు. రెండు రోజులు గడిచాయో లేదో, "అల్లుడుగారూ, పాప తడిపింది చూడండి" అని ఆవిడే పిలవడం మొదలుపెట్టారు.

డిశ్చార్జ్ చేసేటప్పుడు నర్సు ఒక లెక్క చెప్పింది. బిడ్డ మొదటి రోజు కనీసం ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లైనా తడపాలి. తల్లిపాలు ఎంత తాగిందో గ్లాసులో కొలిచి చూడలేం కదా! లోపలికి ఎంత వెళ్లిందో బయటికి వచ్చేదాన్ని బట్టే తెలుసుకోవాలి. నేను ఫోన్‌లో నోట్స్ తెరిచి, టైమ్‌తో సహా రాసుకోవడం మొదలుపెట్టా.

నాలుగో రోజు సాయంత్రానికి నాలుగుసార్లైనా ఉండాలి. రెండే ఉన్నాయి. పాప ఎంతసేపూ నిద్రలోనే ఉంది. పాలకు లేపితే రెండు గుక్కలు తాగి మళ్లీ కళ్లు మూసేస్తోంది. ఇంట్లో అందరూ "బంగారుతల్లి, అసలు ఏడవనే ఏడవదు" అని మురిసిపోతున్నారు. కిటికీ దగ్గర వెలుతురులోకి తీసుకెళ్లి ఛాతీ మీద వేలితో నొక్కి వదిలితే చర్మం పచ్చగా కనిపించింది. "కామెర్లేలే బాబూ, పొద్దున్నే ఎండలో పడుకోబెడితే పోతాయి" అన్నారు పక్కింటి పిన్నిగారు. నేను వాదించలేదు. ఫోన్‌లో లెక్క చూపించా. మా ఆవిడ అది చూసి లేచి కూర్చుంది. "పదండి, వెళ్దాం" అంది.

రక్తపరీక్ష చేసి రెండు రోజులు నీలికాంతి కింద ఉంచారు. చాలామంది పిల్లలకు రెండో రోజో మూడో రోజో కాస్త పసుపు రంగు వచ్చి, రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. కానీ రక్తంలో బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడుకే దెబ్బ. పాలు సరిగా తాగని బిడ్డలో అది బయటికి పోక ఇంకా పెరుగుతుంది. నీలికాంతి దాన్ని ఒంట్లోంచి బయటికి పోగలిగే రూపంలోకి మారుస్తుంది. కిటికీ ఎండ దానికి ప్రత్యామ్నాయం కాదు. పుట్టిన 24 గంటల్లోపే పసుపు కనిపించినా, అది అరచేతులు, అరికాళ్ల దాకా పాకినా ఆగకూడదు.

పెద్దవాళ్లకు ఏమీ తెలియదని చెప్పడం లేదు. పాప పాలెందుకు తాగలేకపోతోందో కనిపెట్టింది మా ఆవిడ వాళ్ల అమ్మమ్మే. మొన ఒక్కటే పట్టుకుంటోందని గమనించి, నోరు బాగా తెరిపించి చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా లోపలికి వెళ్లేలా ఎలా పట్టించాలో దగ్గరుండి నేర్పింది. అదే అమ్మమ్మ బొడ్డుకు పసుపు, నూనె రాయమంది. పొడిగా వదిలేయాలన్నారు డాక్టర్. తేనె నాకించమంది. ఏడాది నిండని పిల్లలకు తేనె ప్రమాదమని మెల్లగా చెప్పా. మూతి ముడుచుకుంది గానీ, సీసా మళ్లీ అలమరాలోకి వెళ్లిపోయింది.

పాలివ్వడం ఒక్కటే మనవల్ల కాదు. మిగతావన్నీ అవుతాయి. తాగిన తర్వాత భుజాన వేసుకుని తేన్పు తెప్పించొచ్చు. వెల్లకిలా పడుకోబెట్టొచ్చు. ముద్దులాడే చుట్టాలను ముందు చేతులు కడుక్కోమని చెప్పొచ్చు. చొక్కా విప్పి బిడ్డను ఛాతీకి ఆనించుకోవచ్చు. కొలంబియాలోని బొగోటాలో 1970ల చివర్లో ఇంక్యుబేటర్లు చాలక బరువు తక్కువ పిల్లల కోసం మొదలుపెట్టిన కంగారూ పద్ధతి ఇదే. ఆ వెచ్చదనం నాన్న కూడా ఇవ్వగలడు. ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి చూడాలి. రాకపోతే ఫోన్ చేసి పిలవడమూ మన పనే.

ఇవి మాత్రం ఫోన్‌లో సేవ్ చేసుకోండి. బిడ్డ పాలు తాగడం మానేసినా, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఊపిరి తీసేటప్పుడు డొక్కలు లోపలికి లాగేస్తున్నా, జ్వరం 99.5 డిగ్రీలు దాటినా, ఒళ్లు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు. 108కి కాల్ చేయండి.

ఇంకో లెక్క కూడా ఉంది. వచ్చినవాళ్లంతా పాపనే చూస్తారు. "తిన్నావా? ఎంతసేపు పడుకున్నావు?" అని బాలింతను అడిగేవాళ్లు తక్కువ. ఆమె మొదటి రోజుల్లో ఊరికే ఏడవడం మామూలే. రెండు వారాలు దాటినా ఆ దిగులు పోకపోతే, బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించకపోతే "ఆడవాళ్లకి మామూలేలే" అని వదిలేయకండి. డాక్టర్‌కి చెప్పండి. టెలిమానస్ 14416కి కాల్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

కాబోయే నాన్నలకు ఒక్క మాట. ఉన్న నాలుగు రోజుల లీవూ బారసాలకి దాచుకోకండి. మొదటి వారానికే పెట్టేయండి. బారసాలకి జనం ఎలాగూ ఉంటారు.