మీ అమ్మాయిది ఏ రాశి?



కిందటి నెల ఎలక్యూషన్ పోటీకి పేర్లు రాసుకుంటుంటే ఎనిమిదో తరగతి అమ్మాయి వచ్చి తన పేరు కొట్టేయమంది. బాగా చదివే పిల్ల, ఉచ్చారణ కూడా స్పష్టంగా ఉంటుంది. ఎందుకమ్మా అని అడిగితే "నాది క్యాన్సర్ మేడం. మేం సెన్సిటివ్. స్టేజి మాకు పడదు" అంది. ఆ మాట వినగానే ఒక్క క్షణం నా గుండె ఆగినంత పనైంది. కర్కాటక రాశి గురించి చెబుతోందని తర్వాత అర్థమైంది. (ఈ సంగతి ఆమె తల్లిగారి అనుమతితోనే రాస్తున్నాను.)

ఇదంతా రీల్స్ చలవ. మా పిల్లలకు ఏ హీరోది ఏ రాశో నోటికి వచ్చు. హ్యారీ పోటర్ పుట్టినరోజు జులై 31 కాబట్టి లియో, అందుకే అంత ధైర్యం అంటారు. అదే పుస్తకాల్లో జోస్యం చెప్పే టీచర్ ట్రెలానీ, హ్యారీ నడి చలికాలంలో పుట్టి ఉంటాడని తేల్చేసి పప్పులో కాలేసిన సంగతి మాత్రం వాళ్లకు గుర్తుండదు.

"పి.వి. సింధు పుట్టినరోజు జులై 5. ఆమెదీ నీ రాశే. 2016లో రియో ఒలింపిక్స్ ఫైనల్ ఆడింది. అంతకంటే పెద్ద స్టేజి ఉందా?" అన్నాను. నవ్వింది కానీ పేరు మాత్రం మళ్లీ రాయలేదు.

తర్వాత పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మగారు అసలు సంగతి చెప్పారు. "రీల్స్ మాట వదిలేయండి మేడం. దానిది స్వాతి నక్షత్రం, తులారాశి. ఈ ఏడాది దానికి అంత బాగోలేదని టీవీలో చెప్పారు. పోటీలు వద్దనుకున్నాం." ఒక్క పిల్లకు రెండు రాశులు! రీల్స్‌వాళ్లు సూర్యుణ్ణి బట్టి చెబితే, మన పంచాంగం పుట్టిన వేళ చంద్రుడున్న నక్షత్రాన్ని బట్టి చెబుతుంది. లెక్కలు వేరైనా రెండూ కలిసి ఆ పిల్లను స్టేజి మీద నుంచి దింపేశాయి.

పంచాంగం మీద నాకు కోపం లేదు. మా ఇంట్లోనూ ఉంది. ఉగాదికి పంచాంగ శ్రవణం వింటాను, ఆదాయం కంటే వ్యయం ఎక్కువుంటే నవ్వుకుంటాను (టీచర్లకు అది ఏటా నిజమే). నా అభ్యంతరం ఒక్కటే. అది పిల్లల గుణాన్ని మనకు ముందే చెప్పేస్తే, మనం పిల్లల్ని చూడటం మానేస్తాం.

ఒకే తేదీన పుట్టిన ఇద్దరి సంగతి చూడండి. ఆర్.కె. నారాయణ్ 1906 అక్టోబర్ 10న పుట్టారు. మన రాజమౌళి 1973 అక్టోబర్ 10న పుట్టారు. ఇంగ్లిష్ పత్రికల లెక్కలో ఇద్దరిదీ లిబ్రానే. ఒకాయన మాల్గుడి అనే చిన్న ఊరిని ఊహించి, అక్కడి మామూలు మనుషుల గురించి జీవితాంతం గొంతు పెంచకుండా రాశారు. ఇంకొకాయన మాహిష్మతి కట్టి, యుద్ధానికి సైన్యాలను దింపారు. ఆ రాశి వర్ణన చదివి ఏది ఎవరిదో చెప్పగలమా?

నారాయణ్ కథ 'ఆన్ ఆస్ట్రాలజర్స్ డే'ని ఆ వారమే క్లాసులో చెప్పాను. చెట్టు కింద గవ్వలు పరుచుకుని కూర్చునే ఆ జ్యోతిష్కుడికి నక్షత్రాల గురించి ఏమీ తెలియదు. అవతలి మనిషి కనీసం పది నిమిషాలు మాట్లాడేదాకా నోరు విప్పడు. ఆ తర్వాత ఎవరికి చెప్పినా సరిపోయే మాటలే చెబుతాడు. ఒకరాత్రి గురునాయక్ అనే మనిషి వచ్చి, తనను పొడిచి బావిలో తోసేసిన వాడు దొరుకుతాడా అని అడుగుతాడు. ఆ తోసేసిన వాడు ఈ జ్యోతిష్కుడే! నీ శత్రువు లారీ కింద పడి చచ్చిపోయాడు, ఇంటికి వెళ్లిపో అని చెప్పి పంపించేస్తాడు.

నారాయణ్ జీవితం గురించి చెబుతుంటే క్లాసు నిశ్శబ్దమైంది. ఆయన రాజం అనే అమ్మాయిని ఇష్టపడ్డారు. జాతకాలు కుదరలేదన్నారు. అయినా 1934లో పెళ్లయింది. 1939లో టైఫాయిడ్‌తో ఆమె పోయింది. చిన్న కూతురు మిగిలింది. ఆ దుఃఖం నుంచే 'ది ఇంగ్లిష్ టీచర్' నవల వచ్చింది. "అయితే జాతకం నిజమైనట్టే కదా మేడం?" అన్నాడొకడు. వెంటనే జవాబు తోచలేదు. ఇంటికెళ్లి చూసుకుంటే, టైఫాయిడ్‌ను నయం చేసే క్లోరాంఫెనికాల్ 1940ల చివర్లో గానీ రాలేదు. మర్నాడు అదే చెప్పాను. జాతకాలు చక్కగా కుదిరిన ఎన్ని ఇళ్లలో ఆ జ్వరం మనుషుల్ని తీసుకుపోయిందో అని కూడా అన్నాను.

ఇప్పుడు నా తప్పు. బీఈడీలో సైకాలజీ పాఠంగా ఒక ప్రయోగం చదివాను. అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసర్ 1948లో 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు విడిగా ఇచ్చాడు. ఎంత నిజమో మార్కులు వేయమంటే సగటున 5కి 4.26 వేశారు. నిజానికి అందరికీ ఇచ్చింది ఒకే కాగితం. అందులో చాలా వాక్యాలు షాపులో కొన్న జ్యోతిషం పుస్తకంలోవే.

అది గుర్తొచ్చి ఆ అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు తీశాను. రిమార్క్స్ దగ్గర నా చేతిరాతే: నెమ్మదైన పిల్ల, ధైర్యం పెంచుకుంటే ఇంకా రాణించగలదు. అదే సెక్షన్‌లో ఇంకో పద్నాలుగు కార్డుల మీద ఇంచుమించు అదే వాక్యం ఉంది. అర్ధరాత్రి దాకా కార్డులు నింపుతూ నేను రాసింది కూడా రాశిఫలమే! ఆ జ్యోతిష్కుడు నాకంటే నయం. పది నిమిషాలు వినేవాడు. మన మీటింగ్‌లో మీరూ నేనూ మాట్లాడుకుంటాం, పిల్ల పక్కన నిలబడి నేల చూస్తుంటుంది.

అందుకే ఈసారి ఆ అమ్మాయిని లంచ్ బ్రేక్‌లో కూర్చోబెట్టి మాట్లాడించాను. స్టేజి భయం కాదట. ఆరో తరగతిలో మధ్యలో పద్యం మరిచిపోతే ముందు వరసలో ఎవరో నవ్వారట. రెండేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఈ టర్మ్ ఆమె కార్డులో ఇలా రాశాను: "ఆ జ్యోతిష్కుడు చివర చెప్పింది అబద్ధమా, ఉపకారమా అని క్లాసులో అడిగింది ఈమె ఒక్కతే. ఆ ప్రశ్న మీదే ఐదు నిమిషాలు మాట్లాడమన్నాను. ముందు నా ఒక్కదాని ఎదుట, తర్వాత క్లాసులో."

కార్డులు ఈ శనివారం మీ ఇళ్లకు వస్తాయి. మీ పిల్లల గురించి నేను రాసిన మాట పక్కింటి పిల్లలకూ సరిపోయేలా ఉంటే, సంతకం పెట్టకుండా నాకు తిరిగి పంపండి.