మన హాస్టల్‌ను కూల్చమని మనమే రాసియ్యొద్దు

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చివరిదాకా చదవండి.

మన హాస్టల్ శిథిలమైంది, కూల్చి కొత్తది కట్టాలె అని రాసిన వినతిపత్రం వారం నుంచి గ్రూపుల తిరుగుతున్నది. చాలామంది సంతకాలు పెట్టిన్రు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని ఇద్దరు అన్నలు ఫోన్ చేసి అడిగిన్రు. ఒకన్నయితే "వార్డెన్ మనిషివైనవారా" అన్నడు. అందుకే జవాబు అందరి ముందే చెప్తున్న.

బిల్డింగ్ బాగుందని నేను అంటలేను. వాన పడితే మా రూంల రెండు బకెట్లు పెట్టుకొని పడుకుంటం. ఎనిమిది మంది పట్టే రూంల పద్నాలుగు మందిమి ఉన్నం. పొద్దున బాత్రూం కాడ లైను సంగతి మీకు తెల్వనిది కాదు. కానీ కూల్చమని రాసిచ్చినంక ఏం జరుగుతదో ఎవరన్నా ఆలోచించిన్రా?

హైదరాబాద్ల పాత సచివాలయాన్ని 2020 జులైల కూల్చుడు మొదలుపెట్టిన్రు. కొత్తది 2023 ఏప్రిల్ 30న తెరిచిన్రు. ముఖ్యమంత్రి కూసునే బిల్డింగ్‌కే మూడేండ్లకు దగ్గర పట్టింది. మన డిగ్రీ మూడేండ్లే. ఇంకో సంగతి. అక్కడ కూల్చకముందే ఆఫీసులను బీఆర్‌కే భవన్‌కు మార్చిన్రు. ఫైళ్లకు సుత ముందే చోటు చూసిన్రు. మన వినతిపత్రంల మాత్రం అప్పటిదాకా పిల్లలు ఎక్కడ ఉండాలె అన్న ఒక్క లైను లేదు.

మా ఊరి అక్క ఒకామె డిగ్రీల చేరినప్పుడు ఆమె ఉన్న హాస్టల్‌ను ఇట్లనే ఖాళీ చేయించిన్రు. ఊరి బయట కిరాయి బిల్డింగ్‌కు మార్చిన్రు. కాలేజీకి ఎనిమిది కిలోమీటర్లు, సాయంత్రం ఒక్కటే బస్సు. సెకండియర్ల ఇంటికి వచ్చిన మనిషి మళ్లీ పోలేదు. ఆమె ఫెయిల్ కాలేదు. పాత బిల్డింగ్‌కూ కొత్త బిల్డింగ్‌కూ మధ్యల ఉన్న ఖాళీల పడిపోయింది. మనసొంటోళ్ల చదువు ఆగేది ఆ ఖాళీలనే.

మరి కూల్చకుండ ఏం చేస్తరు అంటరు. సివిల్ డిప్లొమా చేస్తున్న నా దోస్తు ఫ్రాన్స్‌ల బోర్డో నగరం సంగతి చూపించిండు. 1960ల మొదట్ల కట్టిన ప్రభుత్వ ఇండ్లు, మూడు పెద్ద బ్లాకులు, మొత్తం 530 ఇండ్లు. వాటిని సుత కూల్చాలని అనుకున్నరట. లకటోన్, వసాల్ అనే ఇద్దరు ఆర్కిటెక్టులు ఇంకో ఇద్దరితో కలిసి కూల్చకుండనే పని చేసిన్రు. పాత గోడకు బయటి దిక్కు కొత్త స్తంభాలు నిలబెట్టి, ఫ్యాక్టరీల తయారుచేసిన స్లాబులు పేర్చి, ప్రతి ఇంటికి 3.8 మీటర్ల వెడల్పున అద్దాల వరండా కలిపిన్రు. చిన్న కిటికీలు పోయి పెద్ద తలుపులు వచ్చినయి. చీకటి ఇండ్లల్ల వెలుతురు వచ్చింది. పని నడిచినన్ని రోజులు జనం అందులనే ఉన్నరు. ఎవ్వరూ ఇల్లు ఖాళీ చేయలేదు. 2019ల ఆ పనికి యూరప్ పెద్ద అవార్డు వచ్చింది, 2021ల ఆ ఇద్దరికి ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది.

ఇది ఎక్కడో ఫ్రాన్స్ ముచ్చట అని కొట్టిపారేయకండి. మా తాత ఇంటి టేకు గుంజలు ఇయ్యాల మా నాయిన కట్టిన ఇంట్ల ఉన్నయి. ఏటా వానలకు ముందు గూన తిరగేస్తం, పగిలిన పెంక తీసి కొత్తది పెడ్తం. కొడుకు పెండ్లయితే పక్కకు ఇంకో సాయబాను దించుతం. పెంక పగిలిందని ఇల్లు కూలగొట్టినోన్ని మా గూడెంల నేను చూడలేదు.

కొందరు అన్నలు ఇంకో మాట అంటున్నరు. "రిపేర్ అంటే సున్నమేసి బిల్లు లేపుకునుడే. ఎప్పటికీ మనకు పాతదే గతా?" ఈ కోపం నిజమే, నాకూ ఉన్నది. అయితే నేను అడిగేది సున్నం కాదు. మిద్దె మీద నీళ్లు నిలువకుండ వాలు సరిచేసి కొత్త పొర వేయాలె. బయటి దిక్కు ఇనుప స్తంభాల మీద వరండా లేపి, బాత్రూంలు, చదువుకునే చోటు అందుల పెట్టాలె. అప్పుడు లోపలి రూంలల్ల జాగా దొరుకుతది. ఒక దిక్కు పని నడిస్తే ఇంకో దిక్కు మనం ఉండొచ్చు. సప్పుడు ఎక్కువుండే పని ఎండాకాలం సెలవులల్ల చేయొచ్చు.

ఇగ పాతది అంటే నామోషీ అంటరా? ఫలక్‌నుమా ప్యాలెస్ మన హాస్టల్ కన్న ఎంత పాతదో మీకే తెలుసు. 2010 నుంచి అది తాజ్ హోటల్. ఎర్రమంజిల్‌ను కూల్చి అసెంబ్లీ కడ్తమంటే 2019ల హైకోర్టు ఆ నిర్ణయాన్నే కొట్టేసింది. నవాబుల బిల్డింగ్ పాతదైతే వారసత్వం, మనది పాతదైతే శిథిలం. ఈ లెక్కను మనమే ఒప్పుకుంటే ఎట్ల?

బిల్డింగ్ నిజంగనే ప్రమాదమైతే? అప్పుడు కూల్చాల్సిందే, పిల్లల పానం కన్న ఏదీ ఎక్కువ కాదు. కానీ పెచ్చులు ఊడినయని చూసి చెప్పే ముచ్చట కాదిది. లోపలి చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే పైన పెచ్చులు ఊడుతయి. ఆ తుప్పు ఎంత లోతుకు పోయింది, స్తంభాలు బరువు మోస్తయా లేదా అన్నది పరీక్షలు చేసి, కాంక్రీటు ముక్క తీసి ల్యాబుల చూస్తే తెలుస్తది. మన హాస్టల్‌కు ఇప్పటిదాకా ఆ పరీక్షే చేయలేదు. పరీక్ష చేయకుండ శిథిలం అని రాసింది మనమే.

అందుకే వినతిపత్రంల మూడు మాటలు చేర్చమంటున్న. ఒకటి, ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లతో పరీక్ష చేయించి, ఆ రిపోర్టు మన నోటీసు బోర్డు మీద పెట్టాలె. రెండు, స్తంభాలు గట్టిగుంటే మనల్ని ఖాళీ చేయించకుండ బాగుచేసి పెంచాలె. మూడు, కూల్చక తప్పదంటే కాలేజీకి నడిచిపోయేంత దూరంల చోటు ముందే చూపించి, కాయితం మీద రాసియ్యాలె.

ఈ మూడు మాటలు చేర్చి మళ్లీ గ్రూపుల పెట్టండి. మొదటి సంతకం నాదే.