గోడ అవతల ఏముంది?

పొరుగింటి పెరట్లో ఏమి పెంచుతున్నారో, ఏమి దాచారో తెలుసుకోవాలన్న కుతూహలాన్ని లోకం అల్పబుద్ధిగానే లెక్కగడుతుంది. పిట్టగోడ మీదుగా తొంగిచూసే మనిషికి ఏ ఊళ్లోనూ మంచిపేరు లేదు. ఈ తీర్పులో సగమే న్యాయం ఉంది. పెరట్లోని వస్తువు ఆ ఇంటివారికి మాత్రమే సంబంధించినదైతే ఆరా తీయడం నిజంగానే అమర్యాద. అదే వస్తువు గోడ దాటి వచ్చి పొరుగువారి ప్రాణానికో ఆస్తికో చేటు తేగలదైతే, దాని సంగతి అడగడం వారి హక్కు, చెప్పడం యజమాని బాధ్యత. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్నతో న్యాయశాస్త్రం నూట యాభై ఏళ్లకు పైగా కుస్తీ పడుతోంది. ఆ చరిత్రలో రెండు ఘట్టాలు తెలుగు నేల మీదే జరిగాయి.

చూపుకు హద్దు ఉండాలన్న భావన ఈ దేశానికి కొత్తది కాదు. ఒక స్థలాన్ని అనుభవించడానికి పక్క స్థలంపై దాని యజమానికి ఉండే పరిమిత హక్కును ఈజ్‌మెంట్ అంటారు. నడకదారి, వెలుతురు, నీటి కాలువ వంటివి దీని కిందికి వస్తాయి. మద్రాసు ప్రెసిడెన్సీకి మొదటి నుంచీ వర్తించిన 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం, పొరుగింటి మరుగుకు భంగం కలిగేలా కొత్త కిటికీ తెరవకూడదనే ఆచారం ఉన్న పట్టణంలో ఆ ఆచారమే హక్కుగా నిలుస్తుందని 18వ సెక్షన్ కింద ఉదాహరణతో సహా చెప్పింది. 2017లో సుప్రీంకోర్టు పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. కాబట్టి సంక్రాంతి బరికి సిద్ధమవుతున్న పక్కింటి పుంజు రోజుకు ఎన్ని బాదంపప్పులు తింటోందో లెక్కించే ఉత్సాహవంతులకు చట్టం నుంచి పెద్దగా మద్దతు దొరకదు.

గీతకు రెండో వైపు ఉన్న సూత్రం ఇంగ్లండులోని లాంకషైర్‌లో పుట్టింది. అక్కడ రైలాండ్స్ అనే మిల్లు యజమాని కట్టించిన జలాశయంలోని నీరు, అడుగున ఉన్న పాడుబడిన గని బావుల గుండా దిగి, ఫ్లెచర్ అనే పొరుగువాడి బొగ్గుగనిని ముంచెత్తింది. తప్పించుకుంటే హాని చేయగల వస్తువును తన ప్రయోజనం కోసం తన నేల మీదికి తెచ్చి, ఆ నేలను అసాధారణ రీతిలో వాడుకునేవాడు, తన నిర్లక్ష్యం ఏమీ లేకపోయినా, అది బయటపడి చేసిన నష్టానికి జవాబు చెప్పాలని 1868లో ప్రభువుల సభ తేల్చింది. దీనినే కఠిన బాధ్యత అంటారు.

ఆ తీర్పు వచ్చి ఆరేళ్లయినా గడిచిందో లేదో, నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారుపై మద్రాసు రైల్వే కంపెనీ ఇదే సూత్రాన్ని ప్రయోగించింది. జమీందారీలోని చెరువులు తెగి రైలు వంతెనలు కొట్టుకుపోయాయన్నది కంపెనీ ఫిర్యాదు. లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1874లో ఆ వాదనను తోసిపుచ్చింది: ఈ చెరువులు ఒక వ్యక్తి తన లాభం కోసం తెచ్చిపెట్టుకున్నవి కావని, అనాదిగా ప్రజల బతుకు వాటిపై ఆధారపడి ఉందని, వాటిని పూడ్చే అధికారం జమీందారుకు లేకపోగా కాపాడే విధి ఆచారం చేత సంక్రమించిందని, కనుక నిర్లక్ష్యం రుజువైతే తప్ప ఆయనను బాధ్యుణ్ని చేయలేమని చెప్పింది. రాయలసీమ రైతుకు ఏనాటి నుంచో తెలిసిన వివేకమే ఇది. ఊరందరికీ తెలిసి, ఊరందరి కోసం ఉన్న ప్రమాదం వేరు. ఒకరి లాభం కోసం గోడ వెనుక చేరిన ప్రమాదం వేరు.

పరిశ్రమల యుగంలో రెండో రకమే పెరిగింది. 1985 డిసెంబరులో ఢిల్లీలోని ఒక కర్మాగారం నుంచి ఓలియం, అంటే పొగలు కక్కే గాఢ గంధకామ్లం, లీకైన కేసులో సుప్రీంకోర్టు మరుసటి ఏడాది ఇచ్చిన తీర్పు, ప్రమాదకర పరిశ్రమలకు రైలాండ్స్ సూత్రంలోని మినహాయింపులేవీ చెల్లవని ప్రకటించి, సంపూర్ణ బాధ్యత అనే కొత్త ప్రమాణాన్ని నెలకొల్పింది. గొప్ప తీర్పే, అయినా ఈ బాధ్యతలన్నీ నష్టం జరిగాక లెక్కలు తేల్చేవి, చనిపోయినవారికి అక్కరకు రానివి. పొరుగువాడి కుతూహలానికి విలువ ఉండేది అంతకు ముందే.

భోపాల్ చూపిన పాఠం ఇదే. అక్కడి పురుగుమందుల కర్మాగారంలో పొంచి ఉన్న ముప్పును గురించి రాజ్‌కుమార్ కేస్వానీ అనే స్థానిక పాత్రికేయుడు 1982 నుంచే తన చిన్న వారపత్రికలో హెచ్చరిస్తూ వచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి మిథైల్ ఐసోసైనేట్ వాయువు బస్తీలను కమ్మినప్పుడు, ఆ పేరు కూడా వినని జనం ఎటు పరుగెత్తాలో, ముఖాన తడిగుడ్డ కప్పుకుంటే కొంతైనా మేలని తెలియక కూలిపోయారు. ఆ దుర్ఘటన తరువాత అమెరికా 1986లోనే, ఏ సంస్థ ఆవరణలో ఏ రసాయనం ఎంత ఉందో చుట్టుపక్కల పౌరులు తెలుసుకునే హక్కును చట్టంగా చేసింది. భారతదేశం 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41బి సెక్షన్ చేర్చి, ప్రమాదకర ప్రక్రియలు నడిపే యాజమాన్యం ఆ ప్రమాదాలనూ నివారణ మార్గాలనూ కార్మికులకు, స్థానిక సంస్థకు, పరిసర ప్రజలకు తప్పనిసరిగా వెల్లడించాలంది. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నియమాలు, విపత్తు వేళ ఏమి చేయాలో ఏమి చేయకూడదో బయటి జనానికి ముందే చెప్పాలన్నాయి.

ఇన్ని ఉండగానే 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలో ఉక్కిరిబిక్కిరి అయింది. ఎల్‌జీ పాలిమర్స్ ఆవరణలోని ట్యాంకులో స్టైరీన్ నిల్వ ఉంది. చల్లగా ఉంచి, నిరోధక రసాయనం తగు పాళ్లలో కలపకపోతే ఈ ద్రవంలోని అణువులు తమంతట తామే గొలుసులుగా కలుస్తూ వేడిని పుట్టిస్తాయి, ఆ వేడి చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. ఆవిరి బయటికి తన్నుకొచ్చి 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ విచారించగా, కర్మాగారంలో 36 చోట్ల సైరన్ మోగించే వీలున్నా ఒక్కటీ మోగలేదని తేలింది. దశాబ్దాలుగా ఆ ప్రహరీ పక్కన కాపురమున్నవారికి లోపలిది తెలియకపోవడం వారి తప్పు కాదు; చెప్పవలసినవారు చెప్పలేదు, చెప్పించవలసిన యంత్రాంగం అడగలేదు.

వ్యాపార రహస్యమన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు. జనం అడుగుతున్నది సరుకు తయారీ కిటుకును కాదు, ట్యాంకులోని పదార్థం పేరు, పరిమాణం, అది బయటపడితే పాటించవలసిన జాగ్రత్త. భయాందోళనలు రేగుతాయన్న వాదన మరీ నాసిరకం: తెలియకపోవడం వల్ల రేగినంత భయం తెలియడం వల్ల ఎక్కడా రేగలేదు. రేకుల షెడ్డులో బాణసంచా నిల్వ చేసినవారికీ, ఇళ్ల నడుమ గ్యాస్ సిలిండర్లు పేర్చినవారికీ ఇదే కొలమానం వర్తించాలి.

కర్మాగారం వెలుపలి జనం కోసం జిల్లా యంత్రాంగం సిద్ధం చేయవలసిన పత్రాన్ని ఆఫ్‌సైట్ అత్యవసర ప్రణాళిక అంటారు. దాని సారాంశాన్ని తెలుగులో, ఊరివారికి అర్థమయ్యే మాటల్లో, పంచాయతీ కార్యాలయం గోడ మీద అతికించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. కలెక్టర్లు ఆ పని చేయాలి. చేయని చోట, పరిశ్రమల పక్కన నివసించే పాఠకులు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి ఆ ప్రణాళిక ప్రతిని అడగాలి.