హైబత్ కంప్యూటర్ దగ్గర

మన సినిమాల్లో కుర్రాడు పెద్దవాడయ్యాడని చెప్పాలంటే ఒక అమ్మాయి ఎదురవ్వాలి, ఒక పాట రావాలి. 2021 సంక్రాంతికి ‘ఆహా’ ఓటీటీలో వచ్చిన ఉదయ్ గుర్రాల సినిమా ‘మెయిల్’ నాకు నచ్చింది అందుకే. అందులోనూ అమ్మాయి ఉంది గానీ, మనసులో నిలిచేది మాత్రం హైబత్, రవిల జోడీ. కంబాలపల్లి అనే ఊరికి కంప్యూటర్ కొత్తగా వచ్చిన రోజులు. దాని యజమాని హైబత్‌గా ప్రియదర్శి. ఎలాగైనా నేర్చుకోవాలని తపించే కాలేజీ కుర్రాడు రవి. ఇద్దరికీ వయసులో పొంతన లేదు, పైగా గురువుగారికి వచ్చిందీ అంతంతమాత్రమే! పట్నంలోనైతే ఈడువాళ్లు ఈడువాళ్లతోనే తిరుగుతారు, వీళ్లిద్దరూ కనీసం పలకరించుకునేవారు కాదు. ఊళ్లో ఉన్నది ఒక్క కంప్యూటర్ కాబట్టి పెద్దవాడి వెంట పడక తప్పలేదు, చనువూ అలాగే పుట్టింది. లాటరీ తగిలిందన్న దొంగ మెయిల్‌ను రవి నమ్మడం చూసి పల్లెటూరి అమాయకత్వమని నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రాలేదు. ఇవాళ ఓటీపీ చెప్పేసి ఖాతా ఖాళీ చేసుకుంటున్నవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు రవి ఈడు పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి, నేర్చుకోవడానికి ఎవరి గడపా తొక్కనక్కర్లేదు. దీన్ని పూర్తిగా లాభమని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను.