తేలుగడ్డి కూర

గత నెల మా మద్రసాలో ఒక విద్యార్థిని చూడటానికి అతని తల్లి వచ్చింది. వస్తూ టిఫిన్ డబ్బాలో గంగవాయిల కూర పప్పు తెచ్చింది. కొందరు దీనినే గంగపావిలి కూర అంటారు. ఆమె వెళ్ళగానే ఆ బాలుడు మూత తీయకుండానే డబ్బాను గోడ ప్రక్కకు నెట్టివేశాడు. కారణమడిగితే, “ఇది పొలం గట్టున దొరికే కూర, ఉస్తాద్” అని తల వంచుకున్నాడు. మేము అతడిని మందలించలేదు. ఆ అర్హత మాకు లేదు. ఎందుకు లేదో ఈ నెల పాఠక సోదర సోదరీమణులకు విన్నవిస్తాము.

1990లో మేము సహారన్‌పూర్ జిల్లాలోని ఒక మద్రసాలో చదువుకుంటున్నాము. షాబాన్ సెలవులు రాగానే ఒక సహాధ్యాయి పౌడీ గఢ్వాల్ కొండల్లోని తన ఇంటికి తీసుకువెళ్ళాడు. నాడు ఆ ప్రాంతం ఉత్తరప్రదేశ్‌లో ఉండేది. ఉత్తరాఖండ్ రాష్ట్రం 2000లో ఏర్పడింది. అతని తండ్రి గతించారు. తల్లి రెండు ఆవులతో సంసారం నెట్టుకొస్తున్నది.

మరునాటి ఉదయం వుజూ చేసుకుని వస్తూ పశువుల కొట్టం వెనుక ఒక మొక్కను చేతితో ప్రక్కకు తొలగించాము. తేలు కుట్టినట్లయింది. చేతిమీద దద్దుర్లు లేచాయి. ఆ తల్లి పరుగున వచ్చి, “రుద్దకు బేటా” అని వారించి చన్నీళ్ళు పోసింది. ఆ మొక్కను హిందీలో బిచ్ఛూ ఘాస్, అంటే తేలుగడ్డి అంటారు. గఢ్వాలీలో కండాలీ అంటారు. దాని ఆకులమీద, కాడలమీద సూదుల వంటి బోలు నూగు ఉంటుంది. తాకగానే ఆ నూగు కొన విరిగి, లోపలి ద్రవం చర్మంలోకి దిగుతుంది. మంట దానివల్లనే. ఎరువు బాగా ఉన్న నేలను కోరే మొక్క కనుక అది ఇళ్ళ వెనుక, కొట్టాల ప్రక్కన దట్టంగా పెరుగుతుంది.

“నిన్ను కుట్టినదాన్నే నీకు వండి పెడతాను” అని ఆమె నవ్వింది. మా మిత్రుని ముఖం చిన్నబోయింది. “దక్కన్ నుండి వచ్చిన అతిథికి గడ్డి పెడతావా అమ్మీ?” అన్నాడు. ఆమె నవ్వు ఆగిపోయింది. “హరామ్ సొమ్ముతో తెచ్చినది పెట్టడానికి సిగ్గుపడాలి బేటా. ఇది అల్లాహ్ మన గడపలో మొలిపించినది” అన్నది.

ఆమె చిమటాతో పట్టి, కొడవలితో లేత చిగుళ్ళను మాత్రమే కోసింది. పూత పట్టిన తరువాత ఆకు ముదిరి గరుకుబారుతుందట. మరిగే నీటిలో చిగుళ్ళను కాసేపు ఉడికించేసరికి కుట్టే గుణం పూర్తిగా పోయింది. మెత్తగా మెదిపి, చిక్కదనానికి కొంచెం బియ్యప్పిండి కలిపి, ఆవనూనెలో ఎండుమిర్చి, జఖ్యా గింజలతో తాలింపు వేసింది. జఖ్యా అంటే మన చేలల్లో కలుపు అని పీకి పారవేసే కుక్కవామింట గింజలే! రాగి రొట్టెలతో ఆ కూర వడ్డించింది. ముదిరిన ఆకులను కూడా వృథా చేయలేదు. నీటిలో రెండు వారాలు మురగబెట్టి, దానికి పదింతలు నీరు కలిపి కూరపాదులకు ఎరువుగా పోసేది.

మేము తింటున్నాము గాని, మనసు మా ఊరికి పోయింది. మా అమ్మీ కూలికి కలుపు తీసేది. సాయంత్రం ఆ కలుపులోనుండే గునుగు, గంగవాయిల కూర ఏరి ఒడిలో తెచ్చేది. మాకు తొమ్మిదేళ్ళప్పుడు, మక్తబ్ ఉస్తాద్ మా ఇంటికి భోజనానికి వచ్చిన రోజున, “ఈ కూర దస్తర్‌ఖాన్ మీద పెట్టవద్దు” అని మేము ఆమెకు చెప్పాము. ఆమె మారు మాటాడక ప్రక్కింట అప్పు చేసి గ్రుడ్లు తెచ్చింది. ఆ అప్పు తీర్చడానికి ఎన్ని రోజులు కలుపు తీసిందో మేమెన్నడూ అడగలేదు.

ఆ రమజాన్‌కు ఇంటికి చేరి, గంగవాయిల కూర పప్పు వండమని అడిగాము. గ్రుడ్ల సంగతి ఎత్తి క్షమించమన్నాము. “ఏ గ్రుడ్లు?” అన్నది. నిజంగా మరచిపోయిందో, మా సిగ్గు దాచడానికి అలా అన్నదో నేటికీ తెలియదు.

మహాప్రవక్త (సఅసం) ఒకనాడు రొట్టెలోకి ఏమున్నదని ఇంటివారిని అడిగితే, సిర్కా తప్ప ఏమీ లేదన్నారు. ఆయన దానినే తెప్పించుకుని, మెచ్చుకుంటూ భుజించారు. వండిన చేతికి చిన్నతనం కలగనీయకపోవడం కూడా సున్నతే.

ఏరి తెచ్చుకునే కూరలకు కొన్ని మర్యాదలున్నాయి. నీరు, పచ్చిక, నిప్పులలో ప్రజలందరికీ భాగమున్నదని హదీసులో వచ్చింది. హనఫీ ఫిఖహ్ ప్రకారం తనంతట మొలిచిన పచ్చిక భూయజమాని సొత్తు కాదు. అయినా తన భూమిలో అడుగు పెట్టనీయకుండా ఆపే హక్కు అతనికున్నది. కనుక అడిగి ఏరుకోవాలి. అడిగితే మరో మేలు కూడా ఉన్నది: కలుపు మందు ఎక్కడ కొట్టారో అతడే చెబుతాడు. మందు కొట్టిన చేను, మురుగు కాలువ గట్టు, రద్దీ రహదారి అంచు – ఈ మూడింటి దగ్గర ఏ ఆకూ కోయరాదు. తెలియని ఆకును తెలిసిన పెద్దలకు చూపించనిదే వండరాదు.

ముఖ్యంగా ఒక హెచ్చరిక. మన దూలగొండి, దురదగొండి కూడా దురద పుట్టిస్తాయి గాని, అవి హిమాలయాల బిచ్ఛూ ఘాస్ కావు. ఈ వ్యాసం చదివి వాటిని కూర వండవద్దు. కొండ ప్రాంతాలకు వెళ్ళి కండాలీ తినదలచినవారు, రక్తం పలుచబడే మందులు వాడుతుంటే, ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

ఇక ఆ బాలుని సంగతి. ఆ మధ్యాహ్నం మేము అతని ప్రక్కన కూర్చుని, “మీ అమ్మ వండినదానిలో మాకు కొంచెం పెడతావా?” అని అడిగాము. అతడు మూత తీశాడు. మరో నలుగురు పిల్లలు చేతులు చాచారు. ఖాళీ డబ్బాను అతడే కడిగి పెట్టుకున్నాడు. ఈసారి అమ్మ వచ్చినప్పుడు బాగుందని చెప్పమన్నాము. పాఠకులలో ఎవరైనా ఆ మాట తమ తల్లికి ఇంకా చెప్పకపోయి ఉంటే, ఈ రాత్రి భోజనానికి ముందే చెప్పాలని మా మనవి.