చివరికి కలుస్తారని తెలిసే చూస్తాం

పోయిన సంచికలో ఇదే గోడమీద మన క్లాసు అమ్మాయి రాసిన వ్యాసం మీలో చాలామంది చదివే ఉంటారు. డిసెంబరు వస్తే హాస్టల్లో సగంమంది దుప్పటి కప్పుకుని చూసే ఇంగ్లీషు క్రిస్మస్ ప్రేమ సినిమాల గురించి. "మొదటి పది నిమిషాలు చూస్తే చివరి పది నిమిషాలు చెప్పేయొచ్చు. మరి మధ్యలో గంటంబావు ఎందుకు పాడుచేసుకోవడం?" అని ఆమె ప్రశ్న. ఆమె నా పక్కగదిలోనే ఉంటుంది, ఎదురుగానే జవాబు చెప్పొచ్చు. కానీ గోడమీద అడిగినదానికి గోడమీదే చెప్పడం మర్యాద. మీరంతా నిలబడి చదువుతున్నారని తెలుసు, కొంచెం ఓర్చుకోండి.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పేసుకుంటాను. ఈ సినిమాలకు ఒక అచ్చు ఉంది. అమ్మాయికి న్యూయార్కులోనో షికాగోలోనో పెద్ద ఉద్యోగం. ఆమెకు కాబోయేవాడు ఒకడుంటాడు, వాడు ఎప్పుడు చూసినా ఫోనులోనే. ఏదో పనిమీద ఆమె ఒక చిన్న ఊరికి వస్తుంది. అక్కడ మూతపడబోతున్న బేకరీ ఉంటుంది, లేకపోతే క్రిస్మస్ చెట్లు పెంచే తోట. దాన్ని నడిపేవాడు గళ్ల చొక్కా వేసుకుంటాడు. చాలాసార్లు భార్య పోయినవాడు, వయసుకు మించిన మాటలు మాట్లాడే చిన్న కూతురు. ఇద్దరికీ మొదట పడదు. తర్వాత కలిసి చెట్టు అలంకరిస్తారు, బిస్కెట్లు చేస్తారు, మంచుముద్దలు విసురుకుంటారు. ముద్దు పెట్టుకోబోయేసరికి ఎవరో ఒకరు తలుపు తోసుకుని వస్తారు. ఇంకో ఇరవై నిమిషాలుందనగా ఒక అపార్థం. చివర్లో మంచు కురుస్తుంది, కలుస్తారు.

ఇందులో పెద్ద చెయ్యి హాల్‌మార్క్ వాళ్లది. అమెరికాలో ఆ పేరుతో టీవీ ఛానెల్ ఉంది. 2009 నుంచి ఏటా క్రిస్మస్‌కి రోజులు లెక్కపెడుతూ ఇవే సినిమాలు వేస్తున్నారు, అక్టోబరులోనే మొదలుపెట్టేస్తారు. కొన్నేళ్లు ఏటా నలభై దాకా కొత్తవి తీశారు. ఒక్కోదానికి రెండు మూడు వారాల షూటింగ్. చాలావాటిని ఎండాకాలంలో కెనడాలో తీస్తారు. తెరమీద కురిసే మంచు కృత్రిమం, ఉన్నికోట్లలో ఆ నటులు చెమటతో తడిసిపోతుంటారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ ఛానెల్ పెట్టిన కంపెనీ అసలు వ్యాపారం శుభాకాంక్షల కార్డులు. 1910లో కాన్సాస్ సిటీలో మొదలైంది ఆ కంపెనీ. గ్రీటింగ్ కార్డు కవరు విప్పకముందే లోపల ఏముందో మనకు తెలుసు. ఎవరైనా "తెలుసులే" అని విప్పకుండా పక్కన పెడతారా?

2017 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ఒక జోకు వేసి తిట్లు తింది. ఆ ఏడు వాళ్లు 'ఎ క్రిస్మస్ ప్రిన్స్' అనే సినిమా విడుదల చేశారు. పద్దెనిమిది రోజులుగా రోజూ ఆ సినిమానే చూస్తున్న 53 మందిని ఉద్దేశించి, మిమ్మల్ని ఎవరు బాధపెట్టారు అని ట్విటర్లో అడిగారు. ఎవరేం చూస్తున్నారో లెక్కపెట్టి నవ్వడమేమిటని జనం కోప్పడ్డారు, ఆ కోపం న్యాయమే. నాకు మాత్రం ఆ ప్రశ్న జోకులా అనిపించలేదు. దానికి నిజమైన జవాబు ఉంటుందని అనిపించింది. ఆ జవాబు నాకు దొరికింది కూడా ఆ సినిమా దగ్గరే.

నేను మొదటి సంవత్సరంలో ఉన్నప్పుడు, 2023 డిసెంబరు మొదటివారంలో మిచౌంగ్ తుఫాను వచ్చింది. మూడో తారీఖు రాత్రి మొదలైన వాన నాలుగో తారీఖంతా ఆగలేదు. ఇప్పటి రెండో సంవత్సరం వాళ్లకు, కొత్తగా వచ్చినవాళ్లకు తెలియదు గానీ, మా హాస్టలు కింది అంతస్తులోకి నీళ్లొచ్చి, బియ్యం మూటలు మేమే మెట్లమీదుగా పైకి మోశాం. కరెంటు లేదు, సిగ్నలు లేదు. ఇంటికి ఫోను చెయ్యలేక కొందరు ఏడుస్తున్నారు. అప్పుడు ఒక సీనియర్ అక్క ల్యాప్‌టాప్ తెరిచింది. అందులో కొంచెం చార్జింగు, డౌన్‌లోడ్ చేసిపెట్టుకున్న ఆ క్రిస్మస్ ప్రిన్సు. ఎనిమిదిమందిమి ఒకే మంచంమీద కూర్చున్నాం.

కథ చూడనివాళ్ల కోసం. ఆంబర్ న్యూయార్కులో పత్రికలో పనిచేసే అమ్మాయి. ఆల్డోవియా అనే దేశానికి (అలాంటి దేశం ఎక్కడా లేదు, చూపించే కోట మాత్రం రుమేనియాలో ఉన్న పెలెష్ కోట) యువరాజు గురించి వార్త రాయడానికి వెళ్తుంది. అక్కడ ఆమెను చూసి చిన్న రాజకుమారికి పాఠాలు చెప్పడానికి వచ్చిన టీచరమ్మ అనుకుంటారు. ఆమె కాదని చెప్పదు. ఆ అబద్ధంతోనే రాజుగారింట్లో చేరి, పిల్లకు స్నేహితురాలై, యువరాజు మనసు గెలుస్తుంది. సరిగ్గా పట్టాభిషేకం నాడు అబద్ధం బయటపడుతుంది. అందరి ముందూ అవమానం జరిగి, ఆమె మెట్లు దిగి వెళ్లిపోతోంది.

అక్కడ ల్యాప్‌టాప్ ఆగిపోయింది.

వేరే సినిమా ఐతే ఎనిమిదిమందీ గోల పెట్టేవాళ్లు. మేం ఒక్క నిమిషం "అయ్యో" అన్నాం, అంతే. తర్వాత చీకట్లో మిగతా సినిమా మేమే చెప్పుకున్నాం. యువరాజు విమానాశ్రయానికి పరిగెత్తుతాడని ఒకరు. కాదు, రాణిగారే క్షమించి పిలుస్తుందని ఇంకొకరు. కృష్ణగిరి అమ్మాయి ఒకతె "వాళ్ల నాయిన హోటలు పెట్టుకోనుండాడు కదా, ఆడికే వస్తాడు చూడండి" అంది. పది రోజుల తర్వాత కరెంటూ నెట్టూ ఉన్నచోట చూస్తే అదే జరిగింది. కొత్త సంవత్సరం ముందురోజు రాత్రి యువరాజు న్యూయార్కులో వాళ్ల నాన్న హోటలుకే వచ్చాడు. మాకు తట్టనిది ఒక్కటే, చెట్టుకు తగిలించే బొమ్మలో పాతరాజు దాచిన పత్రం.

తర్వాత చాలా రోజులు నేను ఆలోచించింది దీని గురించే. ఆ ల్యాప్‌టాప్ ఆగిన క్షణానికి ఆ అమ్మాయి తప్పు చేసి పట్టుబడి ఉంది. ఐనా మాలో ఒక్కరికి కూడా ఆమెకు శిక్ష పడుతుందేమో అనే అనుమానం రాలేదు. క్షమిస్తారా అన్నది మా మాటల్లో లేనేలేదు, ఎక్కడ క్షమిస్తారు, ఎవరు ముందు వస్తారు అన్నదే. మా ఎనిమిదిమంది ఇళ్లలో ఏ ఇంట్లోనైనా ఒక అమ్మాయి అబద్ధం చెప్పి దొరికిపోతే కథ అలా నడుస్తుందా? ముగింపు ముందే తెలుసని పక్కగది అమ్మాయి రాసింది కదా, నిజమే. మనకు తెలిసిన ముగింపు వాళ్లిద్దరూ కలవడం ఒక్కటే కాదు. తప్పు చేసిన పిల్ల ఇంటి గుమ్మం ఎక్కగలదు అని కూడా తెలుసు. దానికోసం చూస్తాం.

మా చిన్నమ్మ కూతురు హోసూరు వైపు ఒక ఊళ్లో ఉంటుంది. నాకంటే ఒక ఏడాది చిన్న. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉండగా క్లాసు అబ్బాయితో పెట్టుకున్న మెసేజీలు ఇంట్లోవాళ్లు చూశారు. నాకు తెలిసి వాటిలో పెద్దగా ఏమీ లేదు, సగం రికార్డు నోటుబుక్కుల గురించే. ఫోను తీసుకున్నారు. కాలేజి మాన్పించారు. ఆమె నెలరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత సంబంధాలు చూడడం మొదలుపెట్టి, మంచి వరుడు రావాలని ఆమెచేత రోజూ పొద్దున్నే పోతనగారి రుక్మిణీ కల్యాణం చదివించారు. మా వైపు ఇళ్లలో ఇది మామూలే, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది.

డిపార్టుమెంటులో ఆ ఘట్టం పాఠంగా చదువుకున్నవాళ్లకు నేనేం చెప్పబోతున్నానో అర్థమై ఉంటుంది. రుక్మిణి ఏం చేసింది? అన్న కుదిర్చిన సంబంధం కాదని, తనకు నచ్చినవాడికి తనే సందేశం పంపింది. అగ్నిద్యోతనుడనే బ్రాహ్మణుడి చేత రహస్యంగా పంపింది. ఎప్పుడు, ఎక్కడికి రావాలో కూడా చెప్పి పంపింది. రుక్మిణి సందేశం చదివితే పుణ్యం, మా చెల్లి సందేశం చదివితే చదువు బందు. నేను ఈ మాట చిన్నమ్మతో అన్నాను కూడా. "ఆయమ్మ దేవత, నువ్వు ఊరుకో" అంది.

ఆ కథ ముగింపు తెలియనివాళ్లు ఎవరైనా ఉన్నారా? కృష్ణుడు వస్తాడని వందసార్లు తెలుసు. ఐనా వెళ్లిన బ్రాహ్మణుడు ఇంకా రాలేదని రుక్మిణి తల్లడిల్లే చోట మా అమ్మమ్మకు ఇప్పటికీ గొంతు పూడుకుపోతుంది. వస్తాడో రాడో తెలియకపోతే మనకు భయం వేస్తుంది. వస్తాడని తెలుసు గనక భయపడే పని లేకుండా ఆ పిల్ల పక్కన కూర్చుంటాం. హరికథకు ఊరంతా తెలిసిన కథే వినడానికి వెళ్లడం మనకు కొత్త కాదు. దాన్ని సంప్రదాయం అంటాం, క్రిస్మస్ సినిమాను మూస అంటాం.

రెండూ ఒకే ఎత్తు అనడం లేదండీ, మేడమ్‌లు కంగారుపడొద్దు. పోతన పద్యానికీ గళ్ల చొక్కాకూ తేడా నాకు తెలుసు.

ఈ రకంలో నిజంగా మంచి సినిమాలు కూడా ఉన్నాయి. పక్కగది అమ్మాయికి నా సిఫారసు 1995 నాటి 'వైల్ యు వర్ స్లీపింగ్'. అందులో సాండ్రా బుల్లక్ షికాగో రైలు స్టేషన్లో టోకెన్లు తీసుకునే ఉద్యోగి. నా అన్నవాళ్లు లేరు గనక క్రిస్మస్ నాడు కూడా డ్యూటీ ఆమెకే వేస్తారు. పట్టాలమీద పడిన ఒకాయన్ని కాపాడితే, అతను స్పృహలో లేని సమయంలో అతని ఇంటివాళ్లు ఈమెను కాబోయే కోడలనుకుంటారు. ఆమె వెంటనే నిజం చెప్పలేకపోతుంది. ఎందుకంటే ఆ మనిషికంటే ముందు ఆ ఇల్లు ఆమెకు నచ్చేస్తుంది, ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ అన్నం తినే ఆ ఇల్లు. చివరికి తన పెళ్లిలో తనే లేచి నిజం చెప్పేస్తుంది. తర్వాత ఏమవుతుంది? అతని తమ్ముడు టోకెన్ల కిటికీలో ఉంగరం వేస్తాడు. ఒక్కడే రాడు, వెనకాల ఇంటివాళ్లందరూ వస్తారు. ఇంటికి వెళ్లలేని సెలవుల్లో హాస్టల్లో ఉండిపోయినవాళ్లు ఆ కిటికీ సీను పొడి కళ్లతో చూడలేరు.

అబద్ధం పెళ్లి కథ మనకూ ఉంది. ఇక్కడే, వడపళనిలో విజయా వాహినీ స్టూడియోలో తీసిన 'మిస్సమ్మ'. 1955 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో వచ్చింది. టీచరు ఉద్యోగాలకోసం పెళ్లికాని ఇద్దరు మొగుడూ పెళ్లాలమని చెప్పి జమీందారు ఊళ్లో చేరతారు. అది తెలిసి ఎవరూ సావిత్రిని ఊళ్లోంచి తరమలేదు. పోయిన కూతురే ఆమె అని తేలింది మరి. అది కొంచెం సులువైన దారి, నిజంగా మేరీగానే మిగిలిపోయి ఉంటే ఏమయ్యేదో అని నాకెప్పుడూ సందేహం.

హాల్‌మార్క్ సినిమాల్లో నాకు నచ్చనివి చాలా ఉన్నాయి. చాలా ఏళ్లపాటు వాటిలో తెల్లవాళ్లు తప్ప ఇంకెవరికీ ప్రేమ పుట్టలేదు, ఈమధ్యే మారుతోంది. అంతకంటే నన్ను బాధపెట్టేది ఉద్యోగం. చివర్లో న్యూయార్కు ఉద్యోగం వదిలేది ఎప్పుడూ అమ్మాయే. గళ్ల చొక్కావాడు బేకరీ అమ్మేసి ఆమె వెనక నగరానికి రావడం నేను చూసింది చాలా తక్కువ. చదువుకోడానికి ఊరినుంచి ఇంతదూరం వచ్చినవాళ్లం మనం. వెనక్కి వెళ్లి బిస్కెట్లు చేసుకోవడమే సుఖమని ఎవరైనా ఏటా నలభైసార్లు చెప్తే ఊరికే నవ్వి వదిలేయకూడదు. ఆ చోటు వచ్చినప్పుడు నేను గట్టిగానే తిడతాను, పక్కగదికి వినబడే ఉంటుంది.

తిట్టి, మళ్లీ ఇంకోటి పెడతాను.

మా చెల్లి ఇప్పుడు కరస్పాండెన్సులో డిగ్రీ చదువుతోంది, పోరాడి సాధించుకుంది. ఫోను ఇంకా ఇవ్వలేదు. మా సెమిస్టర్ పరీక్షలయ్యాక పదిరోజులు మా ఇంటికి పంపడానికి చిన్నమ్మ ఒప్పుకుంది. నా ల్యాప్‌టాప్‌లో నాలుగు సినిమాలు సిద్ధంగా పెట్టుకున్నాను, చార్జరు కూడా. ఏ సినిమా పెట్టినా మా చెల్లిది చిన్నప్పటినుంచీ ఒకటే అలవాటు, పేర్లు పడుతుండగానే నా చెయ్యి పట్టుకుని అడుగుతుంది, "అక్కా, కడాకు బాగానే అవుతుంది కదా?"